కరెంటు పోయినా కంప్యూటర్ ఆగలేదు: మూడేళ్లు దాటిన నా ఎస్ఎంపీఎస్

ఎస్ఎంపీఎస్ అంటే గోడ కరెంటుని కంప్యూటర్ భాగాలకి కావలసిన తక్కువ వోల్టులకి మార్చి అందించే పెట్టె. ఎన్ని వాట్లది మంచిది, బ్రాంజా గోల్డా (కరెంటు వృథా ఎంత తక్కువో చెప్పే ముద్రలు), వైర్ల పొడవెంత అన్నవాటిని ఇక్కడ వివరించడం లేదు. అవన్నీ డబ్బా మీదే ఉంటాయి. మొదటిసారి సొంతంగా కంప్యూటర్ బిగించుకునేవాళ్లు ఎస్ఎంపీఎస్ ఏది కొనాలని అడిగితే నేను ముందు చెప్పేది ఒక్కటే. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటు సేపు అది నిలబడుతుందో లేదో చూసుకోండి. నా 550 వాట్లది నిలబడుతోంది. నాకు దాని మీద ఇంత అభిమానం ఉండటానికి కారణం అదే.

మాది సూర్యాపేట. ఇంట్లోనే పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, మిగతా సామానంతా సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నాను. బడ్జెట్ అక్కడికే సరిపోయింది కాబట్టి ఎస్ఎంపీఎస్ మాత్రం కేబినెట్‌తో పాటు వచ్చినదే. స్టిక్కర్ మీద 450 వాట్లు అని ఉండేది. గ్రాఫిక్స్ కార్డుకి కావలసిన 8 పిన్నుల వైరు దానికి లేకపోతే షాపతను మోలెక్స్ అనే పాత రకం 4 పిన్నుల వైరు నుంచి ఒక కన్వర్టర్ తగిలించి ఇచ్చాడు. కొన్నాళ్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

ఎండాకాలం వచ్చాక మొదలైంది తంటా. పగలు కరెంటు పోతే ఏమీ అయ్యేది కాదు. ఇన్వర్టర్ అందుకునేది, పని సాగేది. అదే సాయంత్రం ఏడు దాటాక పోతే కంప్యూటర్ టక్కున ఆగి మళ్లీ మొదటి నుంచి ఆన్ అయ్యేది. రెండు గంటల రెండర్ (ఎడిట్ చేసిందాన్ని పూర్తి వీడియోగా తయారుచేయడం) తొంభై శాతం దగ్గర పోతే ఎలా ఉంటుందో ఈ పని చేసేవాళ్లకి తెలుసు. ఫ్యాను ఆగదు, లైటు ఆగదు, వైఫై ఆగదు. ఇదొక్కటే ఆగుతుంది!

అందరి అనుమానమూ ఇన్వర్టర్ మీదే. బ్యాటరీలో నీళ్లు పోశాం, ఎలక్ట్రీషియన్ వచ్చి టెర్మినళ్లు శుభ్రం చేశాడు. ఇన్వర్టర్ వెనకాల మీట, త్వరగా అందుకునే యూపీఎస్ మోడ్‌లోనే ఉంది. ఎస్ఎంపీఎస్ తీసుకెళ్లి ఇక్కడి షాపులో చూపించాను. టెస్టర్‌కి పెట్టి, 12, 5, 3.3 వోల్టులన్నీ సరిగ్గా చూపిస్తుంటే, "అన్నా, ఇది బానే ఉంది, ఇన్వర్టర్ మార్పించు" అన్నాడు. అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. కరెంటు ఉన్నంతసేపూ అది బానే ఉంటుంది. ఆ టెస్టర్ చూసేది అంతవరకే.

దారి దొరికింది మల్టీమీటర్ దగ్గర. పగలు ప్లగ్గులో చూస్తే 228 వోల్టులు. సాయంత్రం వీధిలో కూలర్లు, ఏసీలు అన్నీ ఆన్ అయ్యాక చూస్తే 185. కంప్యూటర్ రీస్టార్ట్ అయినవన్నీ వోల్టేజీ ఇలా పడిపోయి ఉన్న సాయంత్రాలే. హార్డ్‌వేర్ పని చేసే మా బావమరిదికి ఇది చెబితే, "బావా, దాని వెనక చిన్న ఎర్ర స్విచ్ ఉందా, 115, 230 అని?" అని అడిగాడు. ఉంది.

ఆ స్విచ్ ఉందంటే అందులో యాక్టివ్ పీఎఫ్‌సీ (బయటి నుంచి కరెంటు తీసుకునే తీరుని సరిదిద్దే సర్క్యూట్) లేదని అర్థం. అందరూ దీన్ని కరెంటు ఆదా సంగతిగానే చెబుతారు గానీ నాలాంటివాడికి ఉపయోగం వేరే ఉంది. ఎస్ఎంపీఎస్ లోపల పెద్ద కెపాసిటర్ ఒకటి ఉంటుంది. కరెంటు తెగిన క్షణంలో కంప్యూటర్ బతికేది అందులో నిలవ ఉన్న శక్తి మీదే. పాత రకంలో అది నిండేది బయట వోల్టేజీ ఎంత ఉంటే అంతవరకే. 230 ఉంటే దాదాపు 325 వోల్టుల దాకా ఎక్కుతుంది, 185 ఉంటే 260 దగ్గరే ఆగిపోతుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నదాంట్లో బయట కాస్త తక్కువున్నా లోపలి సర్క్యూట్ దాన్ని పైకి లేపి 380, 400 దగ్గర నిలుపుతుంది. మున్సిపాలిటీ నల్లా ధారకి మేడ మీద ట్యాంకు సగమే నిండటానికీ, మోటారు పెట్టి నిండుగా తోడుకోవడానికీ ఉన్న తేడా ఇది. పైగా నిలవ ఉండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి ఈ తేడా కనిపించేదానికన్నా చాలా ఎక్కువ. మామూలు ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో అందుకోవడానికి 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. పాతది సాయంత్రం పూట అంతసేపు నిలబడలేకపోయేది.

అందుకే యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న 550 వాట్లది 4,500 రూపాయలు పెట్టి కొన్నాను. బిగించే ముందు ఫోన్ టార్చి వేసి ఫ్యాను జాలీలోంచి చూశాను. పాతదాంట్లో 200 వోల్టుల సన్న కెపాసిటర్లు రెండు ఉండేవి. ఇందులో బొటనవేలికి రెండింతలు లావున ఒకటే ఉంది, దాని ఒంటి మీద 400 వోల్టులు, 105 డిగ్రీలు అని తెల్లటి అక్షరాలు. చూడటం జాలీ బయట నుంచే చూడండి. ప్లగ్గు తీసేశాక కూడా ఆ కెపాసిటర్‌లో చార్జి ఉంటుంది, మూత విప్పకూడదు.

ఆ రోజు సాయంత్రం వోల్టేజీ పడిపోయేదాకా ఆగి, రెండర్ పెట్టి, మా ఆవిడతో మెయిన్ ఆఫ్ చేయించాను. ఇన్వర్టర్ టిక్కుమంది. స్క్రీన్ మీద శాతం అంకె మాత్రం ఆగకుండా పెరుగుతూనే ఉంది. మళ్లీ వేయించి, మళ్లీ తీయించాను. అప్పుడు కలిగిన సంతోషం కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్న రోజు కూడా కలగలేదు.

ఇన్నాళ్లు వాడాక కొన్ని కలపాలి. అప్పటి మా ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది, అంటే లైన్ కరెంటులా నున్నటి అల (సైన్ వేవ్) కాకుండా మెట్లుమెట్లుగా ఇచ్చేది. దాని మీద నడిచేటప్పుడు ఈ ఎస్ఎంపీఎస్ గుయ్యిమని మోగేది. యాక్టివ్ పీఎఫ్‌సీకి స్క్వేర్ వేవ్ పడదు, కొన్నయితే ఆగిపోతాయి కూడా. తర్వాతి ఏడాది సైన్ వేవ్ ఇన్వర్టర్ తీసుకున్నాక ఆ మోత పోయింది. అంటే ఇప్పుడున్న నిశ్చింతలో కొంత వాటా ఆ ఇన్వర్టర్‌ది కూడా. పోయిన వేసవిలో మిట్టమధ్యాహ్నం రెండర్ నడుస్తుండగా కరెంటు పోయి ఒకసారి రీస్టార్ట్ అయింది. ఫ్యాను జాలీకి దుమ్ము దట్టంగా పట్టి ఉంది. దులిపాక మళ్లీ రాలేదు. కానీ ఈ రకం కెపాసిటర్లు వేడికి ఏటేటా కాస్త ఓపిక తగ్గుతాయి. మూడేళ్ల క్రితం ఉన్నంత నమ్మకం ఇప్పుడు ఉందని చెప్పను. లోడు పెరిగినా నిలబడే సమయం తగ్గుతుంది. ఎస్ఎంపీఎస్‌లకి ఇంటెల్ పెట్టిన ఏటీఎక్స్ నియమాల్లోనే 80 శాతం లోడు మీద 17 మిల్లీసెకన్లు, పూర్తి లోడు మీద 12 నిలబడాలని ఉంది. నా మొత్తం వాడకం 250 వాట్ల చుట్టూ ఉంటుంది కాబట్టే 550 నాకు ఇంత ధీమా ఇచ్చింది.

కంపెనీ పేరు రాయకపోవడానికి కారణం ఉంది. చాలా కంపెనీలు సొంతంగా తయారుచేయవు. సీసానిక్, సీడబ్ల్యూటీ, గ్రేట్‌వాల్ లాంటి తయారీదారుల దగ్గర చేయించుకుని తమ స్టిక్కర్ అంటిస్తాయి. ఒకే మోడల్ పేరుతో లోపలి సరుకు మారిపోవచ్చు. నాకు బాగా నడిచినదే మీకు దొరుకుతుందని ఎలా చెప్పను? 80 ప్లస్ ముద్ర ఒక్కటే చూసి కొనకండి. అది ముఖ్యంగా చెప్పేది కరెంటు ఎంత వృథా అవుతుందనే. ఆ పరీక్ష చేసేది కూడా 23 డిగ్రీల చుట్టూ ఉన్న గదిలో. డబ్బా మీద యాక్టివ్ పీఎఫ్‌సీ అని ఉందా, కంపెనీ స్పెసిఫికేషన్ కాగితంలో హోల్డప్ టైమ్ (కరెంటు పోయాక నిలబడే సమయం) రాశారా, వారంటీ ఐదేళ్లుందా చూడండి. ఇంట్లో ఎర్తింగ్ కూడా చూపించుకోండి. అది లేకపోతే ఎంత మంచి ఎస్ఎంపీఎస్ పెట్టినా కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంది.

వోల్టేజీ నిలకడగా ఉండి, కంప్యూటర్‌కి విడిగా మంచి యూపీఎస్ ఉన్న ఇంట్లో ఈ గుణం ఇంతగా తెలియకపోవచ్చు. అలాంటివాళ్లు ఫ్యాను చప్పుడు చూసుకుని కొనుక్కుంటే సరిపోతుంది, ఆ విషయంలో నాది మామూలే. ఇన్వర్టర్ మీద ఆధారపడి పనిచేసే నాలాంటివాళ్లు మాత్రం కేబినెట్‌తో వచ్చేదాన్ని షాపులోనే వదిలేసి, ఆ డబ్బు తగ్గించమని అడగండి. నేను ఈ ఏడాది 200 వాట్ల గ్రాఫిక్స్ కార్డు వేద్దామనుకుంటున్నాను. అప్పుడు దీన్ని మా అబ్బాయి చదువుకునే కంప్యూటర్‌కి మార్చి, ఎడిటింగ్‌కి 750 వాట్లది తీసుకుంటాను.