ట్రైలర్ లాగడానికి డీజిల్ ఎస్‌యూవీ కొంటున్నారా? "మూడు టన్నులు లాగుతుంది" అన్న మాట మీద డబ్బు కట్టకండి

మిడ్‌సైజ్ డీజిల్ ఎస్‌యూవీ కొని, వెనక ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని కుటుంబంతో తిరగాలనుకుంటున్న వాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నాను. డబ్బు పోవడం ఒక్కటే అయితే ఇంత పొడుగ్గా రాసేవాణ్ని కాదు. వెనక సీట్లో పిల్లలను కూర్చోబెట్టుకుని నడిపే బండి ఇది.

ముందు జరిగింది చెప్తాను. మా ట్రైలర్ నీళ్లు, గ్యాస్, సామాను అన్నీ కలిపి 2,300 కిలోలు. కాటా వేయించిన కాగితం చేతిలో పట్టుకునే షోరూమ్‌కి వెళ్లి, దీన్ని లాగే బండి కావాలని అడిగాం. సేల్స్ అతను బ్రోషర్ తెరిచి టోయింగ్ కెపాసిటీ 3,000 కిలోలు అని ఉన్నచోట వేలు పెట్టి చూపించాడు. "మూడు టన్నులు లాగుతుంది సార్, మీ ట్రైలర్ దీనికో లెక్కా?" అన్నాడు. ట్రైలర్‌ని తగిలించే హిచ్ కూడా వాళ్లే బిగించి ఇచ్చారు. టెస్ట్ డ్రైవ్‌లో ఖాళీ బండి ఎంత హాయిగా పోయిందో చెప్పక్కర్లేదు. డీజిల్ టార్క్ అలాంటిది, కాలు పెట్టగానే ఉరుకుతుంది.

ట్రైలర్ తగిలించి పొడవాటి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కిందని హెచ్చరిక వెలిగింది. కాసేపటికి ఇంజిన్ తనంతట తానే పవర్ తగ్గించేసుకుంది. వెనక లారీలు హారన్ కొడుతున్నాయి, పక్కకు తీసి ఆపే చోటు లేదు, బండి మనిషి నడక వేగంతో కదులుతోంది. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. దిగేటప్పుడు ఇంకా భయమేసింది. బండి వెనక భాగం కుంగిపోయి, స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు వెంటనే స్పందించడం లేదు.

సర్వీస్ సెంటర్‌లో చాసిస్ నంబర్ కొట్టి చూసి తేల్చిన విషయం ఏమిటంటే, మాది ఫ్యాక్టరీ టో ప్యాకేజీ లేని బండి. బ్రోషర్‌లోని 3,000 కిలోలు ఆ ప్యాకేజీతో వచ్చే వేరియంట్‌కి మాత్రమే. మా వేరియంట్‌కి మాన్యువల్‌లో ఉన్న పరిమితి 1,600 కిలోలు. పరిమితికి మించి లాగారు కాబట్టి గేర్‌బాక్స్‌కి వారంటీ వర్తించదని చేతులు దులుపుకున్నారు. షోరూమ్‌ని అడిగితే, బ్రోషర్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది కదా అన్నారు. సేల్స్ అతను చెప్పిన మాటకు కాగితం లేదు. మా ట్రైలర్ బరువు తెలిసి, హిచ్ బిగించి, బిల్లు తీసుకున్న వాళ్లే ఈ మాట అనడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

టో ప్యాకేజీ అంటే వెనక బిగించే ఇనుప కడ్డీ ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. అది అందులో ఒక భాగం, అంతే. మోడల్‌ని బట్టి పెద్ద రేడియేటర్ లేదా ఫ్యాను, గేర్‌బాక్స్ ఆయిల్‌కి విడిగా కూలర్, ట్రైలర్ వైరింగ్ మాడ్యూల్, ట్రైలర్ ఊగడం మొదలైతే బ్రేకులు వేసి అదుపు చేసే సాఫ్ట్‌వేర్ కూడా అందులో ఉంటాయి. బయట హిచ్ బిగించినంత మాత్రాన ఇవేవీ బండిలోకి రావు. చూడ్డానికి రెండు బండ్లూ ఒకేలా ఉంటాయి, వెనక బంపర్ కింద ట్రైలర్ తగిలించే గుండ్రటి బాల్ కూడా ఒకేలా కనిపిస్తుంది. అందుకే కళ్లతో చూసి నమ్మకండి. చాసిస్ నంబర్ ఇచ్చి, ఆ బండి ఏ ఏ ఆప్షన్లతో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిందో కంపెనీ నుంచే రాయించుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. టో ప్యాకేజీ ఉన్న బండే కొన్నా మా ఇబ్బంది పూర్తిగా తీరేది కాదు. ఈ సంగతి తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది. మిడ్‌సైజ్ ఎస్‌యూవీల్లో టోయింగ్ అంకె కంటే ముందు చేయిచ్చేది పేలోడ్, అంటే బండి తన మీద మోయగలిగే బరువు. ట్రైలర్ బరువులో కొంత భాగం హిచ్ బాల్ మీద కిందికి నొక్కుతుంది. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. అమెరికా పద్ధతి ట్రైలర్లకు ఇది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. ఆ బరువు బండి మోస్తున్న సామాను కిందే లెక్క.

మా లెక్కే చెప్తాను, మీ అంకెలు పెట్టి చూసుకోండి. డోర్ దగ్గర స్టిక్కర్ ప్రకారం మా బండి మోయగలిగేది 540 కిలోలు. నలుగురు మనుషులం 280. డిక్కీలో ఫ్రిజ్, పనిముట్లు, బ్యాగులు 110. హిచ్, దాని సరంజామా 45. పైన రూఫ్ ర్యాక్ 25. అంతా పోగా మిగిలింది 80 కిలోలు. 2,300 కిలోల ట్రైలర్‌కి 12 శాతం వేసుకున్నా టంగ్ వెయిట్ 276 కిలోలు. అంటే ఇంకా రోడ్డెక్కకముందే 196 కిలోలు ఎక్కువ. టోయింగ్ కెపాసిటీ మూడు టన్నులున్నా, ఐదు టన్నులున్నా ఈ లెక్క మారదు.

ఆ 276 కిలోలు వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద 276గా పడవు. బాల్ వెనక చక్రాలకు ఇంకా వెనక ఉంటుంది కదా, అది చిన్నపిల్లల ఊగుడు బల్లలా పనిచేస్తుంది. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.8 మీటర్లు, వెనక యాక్సిల్ నుంచి బాల్ దాకా 1.2 మీటర్లు అనుకోండి. వెనక యాక్సిల్ మీద పడేది దాదాపు 394 కిలోలు, ముందు చక్రాల మీద నుంచి లేచిపోయేది 118 కిలోలు. ఘాట్ రోడ్డు మీద మా స్టీరింగ్ ఎందుకు పట్టు తప్పిందో ఈ లెక్కలోనే ఉంది. అందుకే స్టిక్కర్ మీద వెనక యాక్సిల్ పరిమితి విడిగా ఇస్తారు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెడితే కొంత బరువు మళ్లీ ముందుకు వస్తుంది, నిజమే. కానీ దానివల్ల బండి పేలోడ్ పరిమితి పెరగదు. పైగా కొన్ని మోడళ్లలో ఆ రకం హిచ్ వాడొద్దని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ముందు అది చూసుకుని తర్వాత కొనండి.

బాల్ మీద ఎంత బరువు పెట్టొచ్చన్న పరిమితి కూడా ఇంకోటి ఉంటుంది, దీని గురించి అడిగితే సేల్స్ వాళ్లలో చాలామందికి తెలియను కూడా తెలియదు. యూరప్ పద్ధతి కారవాన్లలో 5 నుంచి 7 శాతం టంగ్ వెయిట్ సరిపోతుంది. ఆ లెక్కలో తయారైన బండికి మూడు టన్నులు లాగే శక్తి ఉన్నా, బాల్ పరిమితి 140 కిలోలే ఉండొచ్చు. 12 శాతం టంగ్ వెయిట్ కావాల్సిన ట్రైలర్ తగిలిస్తే ఆ బండి లాగదగినది 1,170 కిలోల లోపే. మూడు టన్నుల బండి కాస్తా ఒక టన్ను పైచిలుకు దగ్గర ఆగిపోయింది చూడండి.

దీనికి కొందరు ఒక సలహా ఇస్తారు. ట్రైలర్‌లో సామాను వెనక్కి సర్దితే టంగ్ వెయిట్ తగ్గుతుంది కదా అని. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ముందు బరువు తగ్గి వెనక బరువు పెరిగిన ట్రైలర్, పక్కనుంచి పెద్ద బస్సు దూసుకెళ్లినా, గాలి అడ్డంగా కొట్టినా తోక ఆడించడం మొదలుపెడుతుంది. వేగం మీద ఉంటే ఆ ఊపు పెరిగి పెరిగి బండిని కూడా లాక్కుపోతుంది. బరువు సరిపోకపోతే సామాను తగ్గించండి, లేదా చిన్న ట్రైలర్ చూసుకోండి. బరువైన వాటిని ట్రైలర్ యాక్సిల్ దగ్గరగా, నేల మీదే పెట్టండి.

బ్రోషర్‌లో ఆ పెద్ద అంకె ఎలా వస్తుందో కూడా తెలిసి ఉండాలి. యూరప్ నిబంధనల ప్రకారం బండి ట్రైలర్‌తో కలిసి 12 శాతం వాలున్న ఎత్తు మీద ఐదు నిమిషాల్లో ఐదుసార్లు ఆగి మళ్లీ కదలగలగాలి. అది కదలగలదా లేదా అన్న పరీక్ష, రోజంతా కొండలెక్కే పరీక్ష కాదు. అమెరికాలో ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం ఇంతకంటే కఠినమైనది. అందులో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఘాట్ రోడ్డు మీద, సుమారు 18 కిలోమీటర్ల పొడవున, ఎండలో ఏసీ వేసుకుని ఎక్కాలి. 2011 మోడళ్ల నుంచి టయోటా దీన్ని మొదటగా పాటించింది, తర్వాత మిగతా కంపెనీలు వచ్చాయి. అయితే అందులోనూ బండిలో ఉన్నట్టు లెక్కవేసేది 68 కిలోల చొప్పున ఇద్దరు మనుషులనే. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఆ లెక్కలోకి రావు.

బండి, ట్రైలర్ కలిపి ఉండే మొత్తం పరిమితి ఇంకొకటి. ఉదాహరణకు బండి గరిష్ఠ బరువు 2,850, టోయింగ్ 3,000, కలిపి పరిమితి 5,400 అని ఉంటే, బండి నిండుగా ఉన్నప్పుడు ట్రైలర్‌కి మిగిలేది 2,550 మాత్రమే. మూడు అంకెలూ ఒకే పేజీలో ఉండవు, వెతికి పట్టుకోవాలి.

ట్రైలర్ వైపు కూడా ఇదే తంతు. అమ్మేవాళ్లు చెప్పేది ఖాళీ బరువు. 150 లీటర్ల నీళ్లు పోస్తే 150 కిలోలు, ఆపైన సిలిండర్లు, బ్యాటరీ, ఏసీ, గుడారం, గిన్నెలు, పరుపులు. కాబట్టి ట్రైలర్ ప్లేట్ మీద ఉన్న గరిష్ఠ బరువుతోనే లెక్కలు వేయండి, ఖాళీ బరువుతో వద్దు. బరువు ఒక్కటే కాదు, గాలికి అడ్డుపడే వెడల్పు, ఎత్తు కూడా చూడాలి. అంతే బరువున్న పడవను లాగడం వేరు, గోడలా నిలబడ్డ ట్రావెల్ ట్రైలర్‌ని లాగడం వేరు. వేగం 80 నుంచి 100 కిలోమీటర్లకు పెంచితే గాలి నిరోధం 56 శాతం పెరుగుతుంది. కొన్ని కంపెనీలు ట్రైలర్ ముఖ వైశాల్యానికి కూడా మాన్యువల్‌లో పరిమితి పెడతాయి. అది దాటితే, బరువు తక్కువే కదా అన్న వాదన వారంటీ దగ్గర నిలబడదు.

సముద్ర మట్టం నుంచి ఎత్తుకు వెళ్లేకొద్దీ, ప్రతి 1,000 మీటర్లకు మొత్తం బరువు 10 శాతం తగ్గించుకోమని చాలా యూరప్ మాన్యువళ్లలో ఉంటుంది. కొండ ప్రాంతాలకే వెళ్లాలనుకునేవాళ్లు ఇది మర్చిపోవద్దు.

డీజిల్ గురించి కూడా రెండు మాటలు. తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్ దొరుకుతుంది కాబట్టి లాగడానికి డీజిల్ మంచిదే, ఆ మాట నేను కాదనను. కానీ దిగేటప్పుడు డీజిల్ ఇంజిన్ సహజంగా పెద్దగా ఆపదు, పెట్రోల్ ఇంజిన్‌లా గాలిని బిగించే థ్రాటిల్ మీద ఆధారపడి అది పనిచేయదు. పెద్ద ట్రక్కుల్లో ఉండే ఎగ్జాస్ట్ బ్రేక్ మిడ్‌సైజ్ ఎస్‌యూవీల్లో సాధారణంగా ఉండదు. అందుకే ట్రైలర్‌కి సొంత బ్రేకులు, అవి సరిగ్గా పట్టేలా బ్రేక్ కంట్రోలర్ తప్పనిసరి. దిగడం మొదలవ్వకముందే కింది గేరులోకి రావాలి.

పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ విషయం చూస్తే, లాంగ్ డ్రైవ్‌లో అది వేడెక్కి తనంతట తానే శుభ్రపడుతుంది. ఇబ్బంది మిగతా రోజుల్లో వస్తుంది. వారమంతా స్కూలు, కూరగాయలు, ఆఫీసు అంటూ దగ్గర దగ్గర తిప్పితే ఫిల్టర్ నిండిపోతుంది, మధ్యలో ఆగిపోయిన శుభ్రత వల్ల డీజిల్ వెళ్లి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఏడాదిలో కొన్నిసార్లే ట్రైలర్ లాగి, మిగతా కాలమంతా సిటీలోనే తిరిగేవాళ్లు డీజిల్ అవసరమా అని మళ్లీ ఆలోచించండి. ఇక పొగను శుభ్రం చేయడానికి వాడే, 32.5 శాతం యూరియా ఉండే యాడ్‌బ్లూ ద్రవం బరువు లాగేటప్పుడు త్వరగా అయిపోతుంది. ట్యాంక్ ఖాళీ అయ్యాక ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ అవ్వదు. ఒక క్యాన్ వెంట ఉంచుకోండి.

గేర్‌బాక్స్ ఏ రకమో కూడా అడగండి. డ్రై క్లచ్ ఉన్న డ్యూయల్ క్లచ్ బాక్స్ అయితే, ఎత్తు మీద ట్రైలర్‌ని రివర్స్ చేసేటప్పుడు చాలా త్వరగా వేడెక్కుతుంది. ట్రైలర్ పనికి టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, ఆయిల్ కూలర్‌తో కలిపి ఉన్నదే నా ఓటు.

అడ్వాన్స్ కట్టే ముందు డోర్ స్టిక్కర్, హిచ్ ప్లేట్ ఫోటోలు తీసుకోండి. ఆ సంవత్సరం మాన్యువల్‌లోని టోయింగ్ పేజీలు చదవండి. మీ ట్రైలర్ గరిష్ఠ బరువు, టంగ్ వెయిట్ రాసి, ఈ చాసిస్ నంబర్ బండి దీన్ని లాగుతుందా అని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్లో చెప్పిన జవాబు, షోరూమ్‌లో నోటితో చెప్పిన జవాబు పనికిరావు. రాసివ్వడానికి వెనకాడితే ఆ బండి మీకు వద్దు, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే. కుదిరితే డెలివరీ తర్వాత మొదటి ప్రయాణానికి ముందే అందరూ ఎక్కి, సామానంతా వేసి, ట్రైలర్‌తో సహా కాటా మీదికి తీసుకెళ్లండి. యాక్సిల్ వారీగా తూకం అడగండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇంకొంచెం ఎక్కువ జాగ్రత్తపడాలి. బయట బిగించిన హిచ్ కనిపిస్తే ఏం లాగారో, ఎంత లాగారో అడగండి, గేర్‌బాక్స్ ఆయిల్ రంగు, వాసన మెకానిక్‌తో చూపించండి. మాడిన వాసన వస్తే వదిలేయండి. డీపీఎఫ్ తీసేసిన బండి అయితే అసలు చేయి పెట్టకండి, చాలా దేశాల్లో అది నేరం. మా బండిని కూడా అమ్మాలనే నిర్ణయించుకున్నాం. గేర్‌బాక్స్ రిపేరు బిల్లు, టో ప్యాకేజీ లేదన్న కంపెనీ కాగితం, 1,600 కిలోల పరిమితి ఉన్న మాన్యువల్ పేజీ, మూడూ కలిపి కొనేవాళ్ల చేతికి ఇచ్చే అమ్ముతాం.