చంద్రగిరి రాజమహల్ మ్యూజియం: రాయలవారిని తీరిగ్గా చూడాలంటే ఇక్కడికే రావాలి

తిరుపతిలో పుట్టి పెరిగి చంద్రగిరి కోటని ఇన్నాళ్ళూ సరిగ్గా చూడలేదంటే సిగ్గే. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్ళారు గానీ పులిహోర పొట్లం తప్ప ఏమీ గుర్తులేదు. మొన్న చెన్నై నుంచి పిన్నీ వాళ్ళొస్తే పెద్ద గైడులాగా శుక్రవారం బయల్దేరదీశాను. తీరా పోతే కోటలోని రాజమహల్ మ్యూజియానికి శుక్రవారం సెలవు! "ఊర్లోనే ఉండి ఇది కూడా తెలీదా నాయనా" అనింది పిన్ని. మీరు ఆ తప్పు చేయొద్దు. శనివారం మళ్ళీ పోయాం, దూరం పదిహేను కిలోమీటర్ల లోపే కాబట్టి సరిపోయింది.

నన్నడిగితే లోపలి వస్తువుల కన్నా ఆ భవనమే అసలు చూడాల్సింది. మూడంతస్తులు, అంతా రాయి, ఇటుక, సున్నం. కట్టడంలో కలప వాడలేదంటారు. కిందనుంచి చూస్తే వరసగా కమాన్లు, పైన మాత్రం గుడి శిఖరాల్లాంటివి, రెండూ ఎట్లా కుదిరాయో అని కాసేపు అక్కడే నిలబడిపోయాను. గోడల మందం ఎంతంటే, మా పిన్ని కొడుకు ఒక కిటికీ గూట్లో కాళ్ళు ముడుచుకుని హాయిగా కూర్చున్నాడు, బయట ఎండ మండిపోతున్నా వాడి వీపుకి గోడ చల్లగా తగిలిందంట.

1565లో తళ్ళికోట యుద్ధం దెబ్బకి రాయల విజయనగరం పోయాక రాజధాని పెనుకొండకి, అక్కడినుంచి 1592లో వెంకటపతిరాయల కాలంలో చంద్రగిరికి మారింది. 1639లో ఇంగ్లీషు వాళ్ళకి మద్రాసులో కోట కట్టుకోను చోటిచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు కూడా ఈ రాజుల కింది వాడే. "చూశావా, మీ చెన్నైకి మూలం మా ఊర్లోనే ఉంది" అని శుక్రవారం పోయిన పరువు కొంచెం తిరిగి తెచ్చుకున్నాను.

లోపల గండికోట, యాగంటి లాంటి చోట్లనుంచి తెచ్చిన రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు ఉన్నాయి. రాతి బొమ్మలు వరసగా చూస్తూ పోతే పిల్లలకి పది నిమిషాల్లో బోరు కొడుతుంది, నిజం చెప్పాలి. నాకు మాత్రం శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాల దగ్గర కాలు కదల్లేదు. ఇవి నకళ్ళు. అసలువి తిరుమల గుళ్ళో మహాద్వారం దాటగానే ఉంటాయి, రాగివి, కానీ అక్కడ క్యూలో వెనకనుంచి తోసే తోపుడుకి ఎవరు చూస్తారు? నేను వందసార్లు వాటి పక్కనుంచే పోయి ఉంటాను. ఇక్కడ ఆ పొడవాటి కుళ్ళాయి టోపీ, జోడించిన చేతులు, పక్కన రాణుల నగలు ఒక్కొక్కటీ తీరిగ్గా చూడొచ్చు. నకలు నకలే, అయినా కళ్ళు అలవాటు పడతాయి.

తిరుమల కొండమీద నైవేద్యం గంట వినబడ్డాకే చంద్రగిరిలో రాజు అన్నం ముట్టేవాడని మా అవ్వ చెప్పేది. కథే అనుకోండి, కోట ముందు తోటలో కూర్చుని కొండలవైపు చూస్తుంటే నమ్మబుద్ధవుతుంది. పక్కనున్న రాణీమహల్ బయటినుంచి చూస్తే చాలు. నీళ్ళ సీసా, టోపీ మర్చిపోవద్దు, పొద్దున్నే పోండి.

మర్నాడు దర్శనానికి పోతే, మహాద్వారం దాటగానే పిన్ని క్యూలోనే తల పక్కకి తిప్పి, "ఒరే, ఆయనే!" అని గట్టిగా అరిచేసింది. రెండు సెకన్లే, అంతలోనే ముందుకి తోసేశారు.