హెడ్‌లైట్ రిలే కిట్: కోనసీమ గట్ల మీద ఐదారేళ్లు వాడాక

పాత కారు లైట్లు మసకబారితే ముందుగా అందరి చెయ్యీ బల్బు మీదికే పోతుంది. మాది 2003 మోడల్ పెట్రోలు కారు, డిమ్, బ్రైట్ రెండూ ఒకే బల్బులో ఉండే హెచ్4 రకం బల్బులు. కొత్త బల్బు వేసినా అదే పసుపు వెలుగు. చివరికి అమలాపురంలో ఒక ఎలక్ట్రీషియన్ గారు వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పెట్టి చూపించారు. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, లైటు వెలుగుతుండగా బల్బు హోల్డర్ దగ్గర 11.8. మిగతాదంతా దారిలోనే పోతోంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది. ఇంక మన కాలువ గట్ల మీద ఏం కనిపిస్తుంది?

కొలిచేటప్పుడు బల్బు హోల్డర్‌లోనే ఉండి వెలుగుతూ ఉండాలి. బల్బు తీసేసి కొలిస్తే కరెంటు లాగేది ఏమీ ఉండదు కాబట్టి మీటరు పూర్తి వోల్టేజి చూపిస్తుంది, వైరింగ్ బాగానే ఉందనుకుంటాం.

పాత కార్లు చాలావాటిలో హెడ్‌లైట్ల కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్ గుండానే తిరిగి వస్తుంది. డిమ్‌లో రెండు 55 వాట్ల బల్బులంటే సుమారు 9 ఆంపియర్లు. ఏళ్ల తరబడి అంత కరెంటు మోసి స్విచ్ కాంటాక్టులు కాలతాయి, సన్నటి వైర్లు వేడెక్కుతాయి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్. రిలే కిట్ బిగిస్తే స్టీరింగ్ దగ్గరి స్విచ్ పని ఆ రిలేను కదపడం వరకే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావుపాటి వైరులో, ఫ్యూజు మీదుగా నేరుగా బల్బుకు వెళ్తుంది. డిమ్‌కు ఒక రిలే, బ్రైట్‌కు ఒకటి. కొన్న రోజున కిట్ ధర వెయ్యిలోపే. బిగించాక అదే హోల్డర్ దగ్గర 13.6 వచ్చింది. వరికోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, చుట్టూ పెట్టిన రాళ్లు ఇప్పుడు దూరం నుంచే కనిపిస్తున్నాయి. రాత్రిపూట రాజోలు వైపు వెళ్లాలంటే ఉండే టెన్షన్ చాలావరకు పోయింది.

కిట్‌లో నాకు నచ్చనిది రిలే బేసు, అంటే రిలే పిన్నులు గుచ్చే సాకెట్. మన గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గర, పైగా 216 జాతీయ రహదారి మీద రొయ్యల లోడు లారీల నుంచి ఉప్పునీళ్లు కారుతూనే ఉంటాయి. రెండో వర్షాకాలానికే పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఎడమ లైటు మిణుకుమిణుకుమంది. నీళ్లు చొరబడని సీల్డ్ రిలేలు వేయించి, పిన్నులు కిందికి ఉండేలా బిగించాక ఆ బాధ మళ్లీ రాలేదు. కొనేవాళ్లు మొదటే సీల్డ్ రకం అడగండి. ఇంకో మాట. కొన్ని పాత కార్లలో హెడ్‌లైట్ స్విచ్ నెగటివ్ వైపు ఉంటుంది. వాటికి మామూలు కిట్ తగిలిస్తే సరిగా పనిచేయదు, వైరింగ్ మార్చి కలపాలి. బిగించే మనిషిని ముందే అడిగి తెలుసుకోవాలి.

కిట్ వద్దు, 100/90 వాట్ల బల్బు వేసేద్దాం అనేవాళ్లున్నారు. పాత వైరింగ్ మీద ఆ బల్బు వేస్తే హోల్డర్ కరిగిపోయే ప్రమాదం ఉంది. హాలోజన్ బల్బు కోసం చేసిన డూమ్‌లో (హెడ్‌లైట్ అద్దం, రిఫ్లెక్టర్ ఉన్న గిన్నెలో) ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. చించినాడ వంతెన మీద అలాంటి బండి ఎదురైతే ఒక్క క్షణం ఏమీ కనిపించదు. దయచేసి అది చేయకండి.

వెనక లైట్లకు ఈ కిట్ ఏమీ చేయదు. అక్కడ మన ప్రాంతంలో నేను ఎక్కువగా చూసిన జబ్బు ఎర్త్, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే కనెక్షన్ సరిగా తగలకపోవడం. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలగడం, పార్కింగ్ లైటు వేసి బ్రేకు తొక్కితే వెలుగు పెరగాల్సింది పోయి తగ్గడం, ఇవన్నీ దాని గుర్తులే. ఎర్త్ దొరకని కరెంటు పక్క ఫిలమెంట్ గుండా దారి వెతుక్కుంటుంది. హోల్డర్ ఎర్త్ నుంచి శుభ్రమైన బాడీ లోహానికి ఒక వైరు ముక్క ఆనించి చూడండి. వెంటనే వెలుగు పెరిగితే బల్బు మార్చక్కర్లేదు. ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు పోయేలా ఎమ్రీ పేపరుతో రుద్ది, గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాస్తే చాలు. మా కారుకు ఏటా వానలు మొదలయ్యే ముందు ఈ పని తప్పకుండా చేయిస్తాను.

వెనక్కి 21/5 వాట్ల (బ్రేకుకు 21, పార్కింగ్‌కు 5) రెండు ఫిలమెంట్ల బల్బు కొనేటప్పుడు పక్క పిన్నులు ఎగుడుదిగుడుగా ఉన్నాయో లేదో చూడండి. రెండు పిన్నులూ సమానంగా ఉన్న ఒంటి ఫిలమెంట్ బల్బును ఆ హోల్డర్‌లోకి బలవంతంగా దూరిస్తే బ్రేకు లైటు, పార్కింగ్ లైటు కలిసిపోతాయి. రెండు వైపులా బల్బులు బాగుండీ బ్రేకు లైట్లు అసలు రాకపోతే ఫ్యూజు, ఆ తర్వాత పెడల్ పైన ఉండే స్విచ్ చూడాలి. లైట్లు లేని ధాన్యం ట్రాక్టర్లు ఎన్నో తిరిగే రోడ్లు మనవి. వెనకనుంచి వచ్చేవాడికి మనం కనపడడం, మనకు దారి కనపడడమంత ముఖ్యం.

కిట్‌కు ఐదులో నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ రిలే బేసుకే తగ్గించాను.