ఎడిసన్ నుంచి తెనాలికి, ఇంటి ఫోన్‌లో: ఇరవై ఏళ్లు వాడి రాస్తున్న సమీక్ష

మేం 2003 నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. అందరూ వాట్సాప్‌లో మాట్లాడుకునే ఈ రోజుల్లో కూడా మా హాల్లో ఒక కార్డ్‌లెస్ ఫోన్ ఉంటుంది. దానికి కారణం మా పెద్దమ్మ. తెనాలిలో ఒక్కతే ఉంటుంది. చెవులు సరిగ్గా వినపడవు. సెల్‌ఫోన్ మోగితే ఎక్కడ నొక్కాలో తెలియక చేతుల్లో పెట్టుకుని కంగారు పడుతుంది. గట్టిగా మోగే ల్యాండ్‌లైన్ అయితే మాత్రం వంటింట్లోంచి వచ్చి ఎత్తుతుంది. మా అమ్మ ఆర్నెల్లకని ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆ అక్కతో రోజూ మాట్లాడాలి.

అందుకే ఇంటి ఫోన్ నుంచి ఇండియాకి తక్కువ ఖర్చుతో మాట్లాడే పద్ధతులు ఒకటి తర్వాత ఒకటి వాడుతూ వచ్చాను. మొదట్లో నిమిషానికి ఎంత అన్నదే చూసేదాన్ని. ఇప్పుడు మొదట చూసేది వేరు. అమ్మ ఎవర్నీ పిలవకుండా, తనంతట తాను డయల్ చేసి మాట్లాడగలుగుతుందా లేదా?

మొదటి ఆరేళ్లు కాలింగ్ కార్డులే. ఓక్ ట్రీ రోడ్డులో పచారీ కొట్టుకి వెళ్తే కౌంటర్ దగ్గర రంగురంగుల కార్డులు వేలాడుతుండేవి. ఐదు డాలర్లు పెట్టి కొని, వెనక పిన్ మీది పూత గీకి, ముందు కార్డు కంపెనీ నంబర్‌కి చేసి, ఆ పిన్ కొట్టి, ఆ తర్వాత అమెరికా నుంచి ఇండియాకి కొట్టాల్సిన 011 91, ఊరి కోడ్, ఇంటి నంబర్. ముప్పైకి పైగా అంకెలు. ఒక్కటి తప్పితే మళ్లీ మొదటికి రావాలి. లైన్ కలిసే ముందు మీకు ఇన్ని వందల నిమిషాలున్నాయని ఒక గొంతు చెప్పేది. అన్ని నిమిషాలు ఎప్పుడూ రాలేదు. కలిసినందుకు ఒక చార్జీ, నాలుగు నిమిషాలు మాట్లాడితే ఆరుగా లెక్క, వాడకపోయినా వారం వారం ఒక కోత. ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. చెప్పిన నిమిషాలు ఇవ్వడం లేదని 2008లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కొన్ని కార్డు కంపెనీల మీద కేసులు వేసింది.

నిమిషాల కంటే నన్ను ఎక్కువ బాధ పెట్టింది ఇంకొకటి. బాగా చౌక కార్డుల నుంచి చేస్తే అవతలి ఫోన్‌లో మన నంబర్ పడేది కాదు, ఎవరిదో ఇండియా నంబర్ పడేది. ముక్కూ మొహం తెలియని నంబర్ అని నాన్నగారు ఎత్తేవారు కాదు. ఒకసారి ఆయనకి ఒంట్లో బాగాలేదని తెలిసిన రోజే కార్డు అయిపోయింది. ఆగలేక ఇంటి ఫోన్ నుంచి నేరుగా డయల్ చేశాను. విదేశీ కాల్స్ ప్లాన్ లేని లైన్ అది. పావుగంట కూడా మాట్లాడలేదు, నెలాఖరున వచ్చిన బిల్లు ఆ వారం సరుకుల ఖర్చుని దాటింది. ఇంటి ఫోన్ ఉన్నవాళ్లు ఈ ఒక్క పని మాత్రం ఎప్పుడూ చేయకండి. ముందు మీ కంపెనీకి ఫోన్ చేసి ఇండియాకి నిమిషానికి ఎంతో అడిగి తెలుసుకోండి.

2009 ఆగస్టులో వోనేజ్ అనే ఇంటర్నెట్ ఫోన్ కంపెనీ వాళ్లు వరల్డ్ ప్లాన్ పెట్టారు. అప్పట్లో నెలకి 24.99 డాలర్లు, పన్నులు అదనం. ఇండియాతో కలిపి అరవైకి పైగా దేశాలకి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చన్నారు. ఇంటర్నెట్ రూటర్‌కి చిన్న అడాప్టర్ తగిలించి, మన పాత ఫోన్ తీగ దానికి గుచ్చితే సరిపోతుంది. పిన్ లేదు, గీకడం లేదు. 011 91 కొట్టి నంబర్ కొట్టడమే. ఆ ఏడాది చివర్లో తీసుకున్నాను.

ఆ ప్లాన్ మా ఇంట్లో తెచ్చిన మార్పు డబ్బులో కంటే మాటల్లో ఎక్కువ కనిపించింది. అమ్మానాన్నలది రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ అని ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడిన తరం. నేను ఎప్పుడు చేసినా రెండు నిమిషాలకే "సరేనమ్మా, బిల్లు అవుతుంది, ఉంటా మరి" అనేవారు. బిల్లు కాదు నాన్నా, నెలకి ఒకటే డబ్బు అని చెప్తే నమ్మడానికి కొన్ని నెలలు పట్టింది. నమ్మాక మాత్రం నాన్నగారు పొలం కబుర్లు, పాత కబుర్లు, ఆ రోజు పేపర్లో వార్తలు తీరిగ్గా చెప్పేవారు. ఫోన్ స్పీకర్లో పెట్టి నేను వంట చేసుకుంటూ వినేదాన్ని. 2015లో ఆయన పోయారు. ఆ ఆరేళ్ల మాటలకి నేను కట్టిన డబ్బు నాకు ఎప్పుడూ ఎక్కువ అనిపించలేదు.

ఇలాంటి ఫోన్లన్నిటికీ ఉన్న పెద్ద లోపం 2012 అక్టోబరు 29న శాండీ తుఫాను వచ్చినప్పుడు తెలిసింది. కరెంటు పోయింది, రూటర్ ఆగింది, ఫోన్ మూగబోయింది. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్‌చేంజ్ నుంచే వచ్చేది కాబట్టి ఇంట్లో చీకటైనా మోగేది. దీనికి ఆ సదుపాయం లేదు. టీవీలో తుఫాను చూస్తూ తెనాలిలో వాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో తర్వాత విన్నాను. అప్పటి నుంచి రూటర్‌నీ అడాప్టర్‌నీ చిన్న యూపీఎస్‌కి తగిలించి ఉంచుతున్నాను.

2016లో లెక్క మారింది. అమ్మ సగం రోజులు ఇక్కడే ఉంటోంది, తను లేని నెలల్లో ఇంటి ఫోన్ వాడకం తక్కువ. నెలనెలా ఒకే మొత్తం కట్టడం అనవసరం అనిపించి ఇంటి ఫోన్‌ని ఇంటర్నెట్‌కి కలిపే ఓబీ 200 అనే పెట్టె కొని, గూగుల్ వాళ్ల ఇంటర్నెట్ ఫోన్ సర్వీస్ గూగుల్ వాయిస్‌కి కలిపాను. అప్పట్లో అమెరికాలో కాల్స్ ఉచితం, ఇండియాకి నిమిషానికి ఒక సెంటు. అమ్మ ఉన్న నెలల్లో రోజూ నలభై నిమిషాలు మాట్లాడినా 12 డాలర్లు. మాట స్పష్టంగా వచ్చేది. ఒక్క జాగ్రత్త, సొంత వాడకానికి ఇచ్చే గూగుల్ వాయిస్ నుంచి ఇక్కడి అత్యవసర నంబర్ 911కి కాల్ పోదు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లయితే అది ఆలోచించాల్సిన విషయమే.

నిమిషానికి సెంటు కంటే తక్కువ అని ఎవరైనా చెప్తే నేను ఆగి చూస్తాను. బయటి దేశం నుంచి వచ్చే ప్రతి కాల్‌కీ అవతల ఇండియా ఆపరేటర్‌కి నిమిషానికి ఇంత అని చెల్లించాలి. అది 2018 ఫిబ్రవరి నుంచి 30 పైసలు, 2020లో ఇండియా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని 35 నుంచి 65 పైసల మధ్య పెట్టుకోమంది. 65 పైసలంటే అప్పటి రూపాయి విలువలో సెంటుకి కాస్త తక్కువ. అంతకంటే చౌకగా ఇస్తున్నారంటే కాల్ దొంగదారిన, ఇండియాలోని లోకల్ కాల్‌లా వేషం మార్చుకుని పోతూ ఉండొచ్చు. నాన్నగారి ఫోన్‌లో పడ్డ ఆ తెలియని నంబర్లు ఎందుకు పడేవో నాకు అప్పుడు అర్థమైంది.

2023 చివర్లో ఓబీ పెట్టెకి సపోర్ట్ ముగిసింది. ఇప్పుడు గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ 801 అనే అడాప్టర్, దానికి ముందుగా డబ్బు వేసుకుని వాడుకునే ఒక సిప్ సర్వీస్, అంటే ఇంటర్నెట్ మీదుగా కాల్స్ పంపే సర్వీస్, పెట్టుకున్నాను. రేటు గూగుల్ వాయిస్ కంటే కాస్త ఎక్కువ. అయినా ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చింది ఇదే. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను.

అమ్మకి చిన్నప్పటి నుంచీ వేళ్లకి అలవాటైన పద్ధతి ఒకటుంది. వేరే ఊరికి చేయాలంటే ముందు సున్నా, తర్వాత ఊరి కోడ్, తర్వాత నంబర్. తెనాలికి 08644. ఇక్కడికి వచ్చాక ఆ సున్నా తీసేసి 011 91 పెట్టాలని ఎన్నిసార్లు చెప్పినా సున్నా మధ్యలో దూరిపోయేది. కాల్ పోదు. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఫోన్ పక్కన కూర్చుని ఉండేది. ఇండియాలో 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేసినా ముందు సున్నా కొట్టాలి. అంటే తెనాలి ఇంట్లో తను సెల్‌కి చేసినా, వేరే ఊరికి చేసినా సున్నా, తర్వాత పది అంకెలు. అదే అలవాటు ఇంకా గట్టిపడింది.

ఈ అడాప్టర్‌లో డయల్ ప్లాన్ అని ఒక వరస ఉంటుంది. ఏ అంకెలు కొడితే ఏం పంపాలో అందులో మనమే రాసుకోవచ్చు. సున్నా తర్వాత పది అంకెలు వస్తే, ఆ సున్నా తీసేసి 01191 చేర్చి పంపమని రాశాను. 011తో మొదలైతే మాత్రం ముట్టుకోవద్దని రాశాను, ఎందుకంటే మామూలుగా విదేశానికి చేసే కాల్స్ అలాగే మొదలవుతాయి. ఢిల్లీ కోడ్ కూడా 011 కాబట్టి అక్కడికి చేయాలంటే ఈ పద్ధతి కుదరదు. ఢిల్లీలో మాకు ఎవరూ లేరు. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని సరిచేసుకున్నాను. ఆ రాత్రి అమ్మ తెనాలిలో ఉన్నట్టే 08644 కొట్టింది. అవతల పెద్దమ్మ గొంతు వినపడగానే, "అక్కా, నేనే చేశానే!" అంది. అక్కడ ఉదయం ఎనిమిది. ఇద్దరూ గంట మాట్లాడుకున్నారు.

ఇలాంటిది పెట్టుకోదలిచినవాళ్లకి మరికొన్ని విషయాలు. సిప్ పాస్‌వర్డ్ దొంగల చేతిలో పడితే వాళ్లు ఖరీదైన దేశాలకి కాల్స్ చేసి ఉన్న డబ్బంతా ఊడ్చేస్తారు. అందుకే నేను ఒకేసారి పదిహేను డాలర్లకి మించి వేయను, ఆటోమేటిక్ రీచార్జ్ ఆపేశాను, ఇండియా, అమెరికా తప్ప మిగతా దేశాలు మూసేశాను. 911 సౌకర్యం తీసుకుని మా అడ్రస్ నమోదు చేశాను. ఇల్లు మారితే అది మార్చుకోవాలి. పిల్లలు పెద్ద ఫైళ్లు ఎక్కిస్తుంటే మాట తెగేది, రూటర్‌లో ఫోన్‌కి మొదటి ప్రాధాన్యం ఇచ్చాక ఆ బాధ పోయింది. ఇండియా 1800 నంబర్లు ఇక్కడి నుంచి సాధారణంగా కలవవు, బ్యాంకులు ఎన్ఆర్ఐలకి వేరే నంబర్ ఇస్తాయి, అది రాసి పెట్టుకోండి.

సెట్టింగులు ముట్టుకోవడం ఇష్టం లేనివాళ్లకి, రోజూ గంటలు గంటలు మాట్లాడేవాళ్లకి, నెలవారీ అన్‌లిమిటెడ్ ప్లానే మంచిది. కార్డులు మాత్రం ఎవరికీ చెప్పను.

అమ్మ వచ్చే నెల తెనాలి వెళ్లిపోతోంది. నంబర్ అద్దె, 911 చార్జీ తప్ప వేసిన డబ్బు మళ్లీ వచ్చేదాకా అలాగే ఉంటుంది. అప్పటివరకు శనివారం రాత్రి పది దాటాక, వాళ్లకి ఆదివారం పొద్దున అవుతుంది, ఇక్కడి నుంచి నేనే చేస్తాను.