239 వారాల జమాఖర్చులు: స్ప్రెడ్‌షీట్‌లో వారపు లెక్క రాసిన అనుభవం

తెనాలిలో ఆడవారి బట్టలు కుట్టే చిన్న దుకాణం నాది. నాతో పాటు మరో ఇద్దరు పీసు లెక్కన పనిచేస్తారు. వారి కూలి ప్రతి శనివారం సాయంత్రం లెక్కకట్టి ఇస్తాను. 2021 జూలై 5, సోమవారం నాడు నా ఆదాయ వ్యయాలను గూగుల్ షీట్స్ అనే స్ప్రెడ్‌షీట్‌లో వారం వారం రాయడం మొదలుపెట్టాను. 2026 ఫిబ్రవరి 1, ఆదివారంతో 239 వారాలు పూర్తయ్యాయి. వాటిలో పదకొండు వారాలు, ఇంట్లో అనారోగ్యం వల్ల, ఏ రోజు లెక్క ఆ రోజు రాయలేక తరువాత గుర్తు చేసుకొని పూరించినవి. మిగిలినవన్నీ ఏ రాత్రికి ఆ రాత్రి రాసినవే. ఈ పద్ధతి ఎవరికి పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో చెప్పడానికి ఇంతకాలం వాడకం చాలునని భావించి ఈ సమీక్ష రాస్తున్నాను.

అంతకు ముందు రెండు మార్గాలు ప్రయత్నించాను. మొదటిది నోటు పుస్తకం. రాయడం సులువే గాని, మూడు నెలల్లో దారానికి, లైనింగ్ గుడ్డకు ఎంత పెట్టానో తెలుసుకోవాలంటే పుటలన్నీ తిరగేసి కూడుకోవలసి వచ్చేది. అందుచేత కూడడం మానేసి రాయడం మాత్రమే చేసేదాన్ని. రెండవది, ఫోనుకు వచ్చే బ్యాంకు సందేశాలను చదివి ఖర్చులను తనంతట తానే నమోదు చేసే ఒక యాప్. నా దుకాణం ఖాతా నుంచి ఇంటి ఖాతాకు నేను పంపుకున్న సొమ్మును అది ఒకచోట ఖర్చుగా, మరోచోట ఆదాయంగా లెక్కించేది. నగదు సంగతి దానికి తెలిసే అవకాశమే లేదు. నా ఆదాయంలో దాదాపు సగం ఇప్పటికీ నోట్ల రూపంలోనే వస్తుంది. పైగా టీ, కూరగాయలు, ఆటో వంటి నగదు ఖర్చులన్నీ దాని చూపుకు అందకుండా పోయేవి. ఫలానా వ్యక్తికి 400 రూపాయలు వెళ్లాయని బ్యాంకు సందేశం చెబుతుంది గాని, అది మగ్గం పని చేసినవారికి ఇచ్చిన కూలియా, పాలవాడి బాకీయా అన్నది చెప్పదు. ఆ సంగతి నాకే తెలుసు గనుక రాయవలసింది నేనేనని అర్థమైంది.

మా నాన్నగారు చాలాకాలం ఒక రైసుమిల్లులో గుమాస్తాగా పనిచేశారు. రోజువారీ పద్దులను తేదీల వరుసలో రాసే చిట్టా, వాటిని ఖాతాల వారీగా దించుకునే ఆవర్జా ఆయన చేతి మీదుగా నడిచేవి. నా షీటును కూడా ఆ పద్ధతిలోనే ఏర్పరచుకున్నాను. మొదటి పుటలో తేదీ, మొత్తం, జమా ఖర్చా, పద్దు, నగదా బ్యాంకా, వివరం అనే ఆరు గడులు మాత్రమే ఉంటాయి, ఇది చిట్టా. రెండవ పుటలో ఒక్కొక్క వారానికి ఒక్కొక్క వరుస, ఒక్కొక్క పద్దుకు ఒక్కొక్క నిలువు గడి ఉంటాయి, సమ్‌ఇఫ్స్ అనే సూత్రం చిట్టాలోని మొత్తాలను తెచ్చి ఇందులో తానే కూడి పెడుతుంది, ఇది ఆవర్జా. నాన్నగారు రాత్రి పదింటి వరకు కూర్చుని దించుకున్న పనిని ఈ సూత్రం కన్ను మూసి తెరిచేలోగా చేస్తుంది. ఉచితంగా దొరుకుతున్న ఈ సౌకర్యం విలువ నాకు పూర్తిగా తెలుసు.

ఏర్పాటులో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పద్దుల పేర్లను ప్రతిసారీ టైపు చేయకూడదు. ఒకనాడు ‘కూరగాయలు’ అనీ, మరొకనాడు ‘కూరలు’ అనీ రాస్తే సూత్రం వాటిని రెండు వేర్వేరు పద్దులుగా భావించి ఒకదాన్ని వదిలేస్తుంది. అందుచేత ముందే జాబితా చేసిపెట్టి దానిలోంచి ఎంచుకునేలా అమర్చుకోవాలి. ఇక వారాన్ని గుర్తించే పద్ధతి. మొదట నేను వారం సంఖ్యను చెప్పే వీక్‌నమ్ సూత్రాన్ని వాడాను. అది జనవరి 1న మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి డిసెంబరు చివరి వారం రెండు ముక్కలైంది. ఇప్పుడు చిట్టాలోని ప్రతి నమోదుకూ ఆ వారపు సోమవారం తేదీనే గుర్తుగా వాడుతున్నాను. ఒక తేదీ వారంలో ఎన్నో రోజో చెప్పే వీక్‌డే సూత్రాన్ని సోమవారాన్ని ఒకటిగా లెక్కించేలా అమర్చి, వచ్చిన సంఖ్యను తేదీ నుంచి తీసివేసి ఒకటి కలిపితే సోమవారం తేదీ వస్తుంది. 2025 డిసెంబరు 29 నుంచి 2026 జనవరి 4 వరకు గల వారం ఇలా చెక్కుచెదరకుండా ఒకే వరుసలో నిలిచింది.

నెలవారీ లెక్క కాకుండా వారపు లెక్కే ఎందుకని చాలామంది అడిగారు. జీతం నెలకొకసారి వచ్చేవారికి నెల లెక్క సరిపోతుంది. నేను ఇచ్చే కూలి శనివారం నాటిది. నెల లెక్క వేసినంతకాలం అయిదు శనివారాలు వచ్చిన నెల నష్టపోయినట్టు, నాలుగు శనివారాల నెల బాగున్నట్టు కనిపించేది. నిజానికి రెండింటిలోనూ పని ఒకే తీరున సాగి ఉండేది. వారాన్ని కొలతగా తీసుకున్న తరువాత ఈ గందరగోళం పోయింది. అంతేగాక, తప్పు జరిగితే ఏడు రోజుల్లో తెలుస్తుంది. ఆదివారం ఉదయం గల్లాపెట్టెలోని నగదు లెక్కపెట్టి, బ్యాంకు నిల్వ చూసి, షీటు చూపే నిల్వతో సరిపోల్చుతాను. ‘ముందు చేతిలో నిల్వ లెక్కపెట్టి, తర్వాతే పుస్తకం తెరువమ్మా’ అని నాన్నగారు చెప్పేవారు. పుస్తకంలోని అంకె ముందే చూస్తే చేతిలోని లెక్క దానివైపు జరిగిపోతుందని ఆయన ఉద్దేశం. ఆ క్రమాన్ని నేను ఎన్నడూ తప్పలేదు. తేడా వస్తే దాన్ని ‘తెలియని ఖర్చు’ అనే పద్దులో వేస్తాను. తొలి నెలల్లో ఆ పద్దు వారానికి ఆరేడు వందలు ఉండేది. ఇప్పుడు నూరు దాటడం అరుదు.

మొదటి 52 వారాలు పూర్తయినప్పుడు కూలి, సరుకు ఖర్చులు పోను నాకు మిగిలింది సగటున వారానికి 7,140 రూపాయలని తేలింది. అయితే ఆ సగటు ఏ వారానికీ వర్తించేది కాదు. పందొమ్మిది వారాల్లో మిగులు నాలుగు వేల లోపే ఉంది. నాలుగు వారాల్లో పద్దెనిమిది వేలు దాటింది. సొమ్ము బాగా వచ్చిన వారంలో ఇల్లు కూడా బాగా ఖర్చు పెడుతోందని, రాని వారంలో చేబదుళ్లు తీసుకుంటున్నానని ఆవర్జా పుట స్పష్టంగా చూపింది. అప్పటి నుంచి నాకు నేనే వారపు జీతం నిర్ణయించుకున్నాను. వచ్చింది ఎంతైనా సోమవారం నాడు దుకాణం ఖాతా నుంచి ఇంటికి 5,500 రూపాయలు మాత్రమే వెళ్లేవి. 2024 నుంచి 6,500 వెళుతున్నాయి. మిగిలినది దుకాణం ఖాతాలోనే ఉండి ఖాళీ వారాలను ఆదుకుంటుంది. చేబదులు పద్దులో 2022 నవంబరు తరువాత ఒక్క వరుస కూడా చేరలేదు. ఈ ఒక్క ఫలితం కోసమైనా ఇన్ని వారాల శ్రమకు నేను సిద్ధపడేదాన్ని.

ఏడాదికి ఒకసారి వచ్చే ఖర్చులను వారాలకు పంచడం కూడా ఇందులో నేర్చుకున్నదే. బీమా ప్రీమియం 12,480 రూపాయలు ఒకేసారి కట్టవలసి వచ్చినప్పుడు భారమే. 52 వారాలకు పంచితే 240 రూపాయలు. అమ్మాయి కళాశాల ఫీజు 46,800 వారానికి 900 అవుతుంది. మిషన్ల మరమ్మతుకు 50, సంక్రాంతి ఖర్చులకు 200 కలిపితే మొత్తం 1,390. ఈ సొమ్మును ప్రతి సోమవారం విడిగా మరో ఖాతాలో వేస్తాను. షీటులో దీన్ని ఖర్చుగా కాక ‘పక్కన పెట్టినది’గా రాయాలి, లేకపోతే ప్రీమియం కట్టిన వారంలో అదే ఖర్చు రెండోసారి లెక్కకు వస్తుంది. ఈ పొరపాటు నేను చేశాను, సరిచేయడానికి రెండు ఆదివారాలు పట్టింది.

ఇక నాకు అతి విలువైన పాఠం 2023లో దొరికింది. ఆ ఏడాది జూలై 31తో మొదలైన వారంలో మిగులు 3,900 రూపాయలు. ముందటి ఏడాది అదే వారంలో, అంటే 2022 ఆగస్టు 1తో మొదలైన వారంలో, అది 19,600. రెండు అంకెలను పక్కపక్కన చూసి, గిరాకీ పడిపోయిందని, ఇద్దరిలో ఒకరిని మాన్పించక తప్పదని అనుకున్నాను. కారణం గిరాకీ కాదు, పంచాంగం. 2022లో శ్రావణం జూలై 29న మొదలైంది. 2023లో ఆషాఢం తరువాత జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం వచ్చింది. పెళ్లిళ్లు, వ్రతాలు, వాటి కోసం కుట్టించుకునే జాకెట్లు అన్నీ ఆగస్టు 17న మొదలైన నిజ శ్రావణానికి జరిగాయి. జూన్ 19న ఆషాఢం మొదలైంది మొదలు 59 రోజుల పాటు మా పనిలో శుభకార్యాల గిరాకీ లేదన్నమాట. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది. ఆ వారపు మిగులు 21,300. ఆ ఇద్దరిలో ఒకరిని మాన్పించి ఉంటే ఆ జాకెట్లు సమయానికి అందించగలిగేదాన్ని కాదు, ఏ తప్పూ లేని ఒక ఇల్లాలి సంపాదన పోయేది. నాకది నేటికీ కలవరపెట్టే తలపు.

ఆ తరువాత ఆవర్జా పుటలో వారం తేదీ పక్కన తెలుగు మాసం రాసే గడి చేర్చాను. మూఢాలు కూడా అందులోనే గుర్తిస్తాను. ఇప్పుడు ఈ ఏటి వారాన్ని నిరుటి అదే తేదీతో కాక అదే మాసంలోని వారంతో పోల్చుతాను. వరలక్ష్మీ వ్రతం 2024లో ఆగస్టు 16న, 2025లో ఆగస్టు 8న వచ్చింది. తేదీలు ఇలా జరుగుతున్నా వ్రతానికి ముందటి రెండు వారాల మిగులు మాత్రం మూడేళ్లుగా దాదాపు ఒకే స్థాయిలో ఉంది. దర్జీలు, పూలవారు, వంటవారు, బాజాభజంత్రీల వారు, పురోహితులు, ముహూర్తాల మీద ఆధారపడిన ఎవరికైనా ఈ ఒక్క గడి తప్పక ఉండాలని నా అభిప్రాయం. సిద్ధంగా దొరికే ఏ యాప్‌లోనూ ఇటువంటి గడి నాకు కనిపించలేదు. మన అవసరానికి తగిన గడిని మనమే చేర్చుకోగలగడం స్ప్రెడ్‌షీట్‌కు గల పెద్ద బలం.

లోపాలు కూడా చెప్పాలి. ఫోను చిన్న తెర మీద ఆవర్జా పుట చదవడం కష్టం; చిట్టా రాయడానికి ఫోను చాలు గాని, ఆదివారం లెక్కకు అమ్మాయి ల్యాప్‌టాప్ తీసుకుంటాను. సూత్రం ఉన్న గడిని వేలు తగిలి చెరిపేసే ప్రమాదం ఉంది. 2022లో అలా చెరిపి, వెర్షన్ హిస్టరీలో పాత ప్రతిని తెరిచి తిరిగి తెచ్చుకున్నాను. ఆ వెంటనే సూత్రాలున్న పుటకు రక్షణ పెట్టాను. ప్రతి త్రైమాసికం చివర ఒక ప్రతిని ల్యాప్‌టాప్‌లో కూడా దాచుకుంటాను. పద్దుల సంఖ్య విషయంలో అత్యాశ పనికిరాదు. మొదట నేను పెట్టుకున్నవి ఇరవై ఏడు. ఏది ఎందులో వేయాలో తేల్చుకోలేక రాయడమే వాయిదా వేసేదాన్ని. ఇప్పుడు పదకొండే.

మరొక పరిమితి ఉంది. కొత్త మిషన్ కోసం అప్పు అడిగినప్పుడు ఒక బ్యాంకు శాఖలో నా షీటును ఆదాయానికి ఆధారంగా అంగీకరించలేదు. ఖాతా స్టేట్‌మెంటే కావాలన్నారు. చేతి నగదును గల్లాపెట్టెలోనే తిప్పుకుంటూ వచ్చినందున నా ఖాతాలో కనిపించిన ఆదాయం అసలుకంటే చాలా తక్కువ. ఇప్పుడు ప్రతి సోమవారం నగదు మిగులును ఖాతాలో జమ చేస్తున్నాను.

రావలసిన బాకీలను ఈ ఏర్పాటు తనంతట తాను చూపదు. డబ్బు చేతికి వచ్చిన రోజే జమ రాస్తాను కాబట్టి, కుట్టి ఇచ్చేసి డబ్బు రాని జాకెట్లు చిట్టాలో ఎక్కడా ఉండవు. మూడు నెలల తరువాత కుట్టిన పీసుల సంఖ్యకూ వచ్చిన సొమ్ముకూ పొంతన కుదరక వెదికితే 14,200 రూపాయలు బయట ఉన్నాయని తెలిసింది. బాకీలకు మూడవ పుట తెరవవలసి వచ్చింది. అలాగే వినియోగదారుల తరఫున నేను కొని తెచ్చే లైనింగ్, లేసుల సొమ్ము, ముందుగా ఇచ్చే బయానా నా ఆదాయం కావు. వాటికి ‘ఇతరుల సొమ్ము’ అనే పద్దు విడిగా ఉండాలి. లేకపోతే పండుగ ముందు వారాల్లో లేని సంపద ఉన్నట్టు కనిపిస్తుంది.

రాత్రి రాయడానికి మూడు నిమిషాలు, ఆదివారం సరిపోల్చడానికి నలభై నిమిషాలు పడుతోంది. ఆ నలభై నిమిషాలు ఇవ్వలేనివారికి దీన్ని సూచించను. సరిపోల్చని చిట్టా నాలుగు వారాల్లో నమ్మదగనిదైపోతుంది. వస్తూ పోతూ ఉండే ఆదాయం కలవారికి, సొంత పనీ ఇంటి ఖర్చూ ఒకే చేతి మీదుగా నడిపేవారికి మాత్రం సంకోచం లేకుండా సూచిస్తాను.

ఈ సంవత్సరం మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. పెళ్లి జాకెట్ల పని ఉండే వేసవిలో నాలుగు వారాలకు పైగా ముహూర్తాలు ఉండవు; నిజ జ్యేష్ఠం జూన్ 16న మొదలై, జూలై 15కు ఆషాఢం వచ్చేస్తుంది. ఆ వారాల వరుసలను ఆవర్జాలో ఇప్పుడే తెరిచి, మిగులు గడిలో 2023 నాటి అంకెలను అంచనాగా వేసి ఉంచాను. నా వారపు జీతం ఆ వారాల్లోనూ ఆగకుండా ఉండాలంటే మే నెల మధ్యకు దుకాణం ఖాతాలో 26,000 రూపాయలు ఉండాలి. ఈ ఆదివారానికి 17,300 ఉన్నాయి. ఆ రోజుల్లో చేయడానికి రెండు పాఠశాలల యూనిఫాంల పని అడిగి వచ్చాను.