శాట్ స్కోరు పంపాలా, వద్దా?

శాట్ అంటే అమెరికాలో డిగ్రీ ప్రవేశాలకు రాసే పరీక్ష. ముందు మీరు దరఖాస్తు చేసే యూనివర్సిటీల జాబితా చూసుకోండి. ఎంఐటీ, హార్వర్డ్ స్కోరు అడుగుతాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు ప్రవేశాలకు దాన్ని అసలు చూడవు. పంపడం మీ ఇష్టం అన్నచోటే తర్జనభర్జన.

ఖర్చు: రాస్తే ఫీజు, ప్రయాణం. రాయకపోతే ఏమీ లేదు.

శ్రమ: పరీక్ష 2 గంటల 14 నిమిషాలే. జేఈఈకి చదివినవాళ్లకు లెక్కలు తేలిక, ఇంగ్లిషుకే కూర్చోవాలి. పంపకపోతే భారమంతా మార్కుల మీద, దరఖాస్తుతో పంపే వ్యాసాల మీద.

రిస్కు: ఇదే అసలు విషయం. మన ఇంటర్‌లో 1000కి 980 దాటేవాళ్లు ఎందరో. మీ కాలేజీ పేరు అక్కడ చాలామందికి తెలియదు. స్కోరు లేకపోతే మిమ్మల్ని దేంతో పోల్చాలి?

అక్కడ చేరినవాళ్లలో మధ్యలోని సగం మందికి వచ్చిన స్కోర్ల శ్రేణిలో మీరుంటే పంపండి. బాగా కింద ఉండి, ఒలింపియాడ్ లాంటి గట్టి రుజువుంటే స్కోరు పంపకండి. అదీ లేకపోతే మళ్లీ రాయడమే మేలు.