సింగపూర్ గ్రూప్ టూర్ రివ్యూ: తిండి సూపర్, ఫోర్ట్ సిలోసో మాత్రం పరుగులే పరుగులు

రావులపాలెంలో బస్సెక్కించి వైజాగ్ తీసుకెళ్ళి, అక్కణ్ణించి డైరెక్ట్ ఫ్లైట్‌లో సింగపూర్ తిప్పి తెచ్చే ప్యాకేజీలు ఇప్పుడు మన కోనసీమలోనూ భీమవరం సైడూ బాగా నడుస్తున్నాయి కదండీ, అలాంటి ఒకదాంట్లో మా ఆయనా నేనూ వెళ్ళొచ్చాం. పేరు రాయను గానీ ఎలా ఉందో చెప్తా. రూములు చిన్నవి, ఓకే. తిండికి మాత్రం వంక పెట్టలేం, రోజూ లిటిల్ ఇండియాలో మన భోజనమే, పెద్దవాళ్ళకి ఏ పూటా పెరుగన్నం తప్పలేదు, టూర్ మేనేజర్ కుర్రాడు అందర్నీ బాబాయ్ గారూ పిన్ని గారూ అంటూ బ్యాగులు కూడా మోసేశాడు పాపం.

నా బాధల్లా ఫోర్ట్ సిలోసో గురించే. సెంటోసా అనగానే అందరూ యూనివర్సల్ స్టూడియోస్‌కీ కేబుల్ కార్‌కీ ఎగబడతారు గానీ ఆ దీవికి పడమటి చివర గుట్ట మీద బ్రిటిష్ వాళ్ళు 1870ల్లో కట్టిన ఫిరంగుల కోట ఉంది, దానికి టికెట్టే లేదు. లిఫ్ట్‌లో 11 అంతస్తుల ఎత్తుకెళ్ళి 181 మీటర్ల స్కైవాక్ మీద చెట్ల పైనుంచి నడుచుకుంటూ పోవడమే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా హాయిగా వెళ్ళొచ్చు. రేవులోకొచ్చే ఓడల దారి అక్కణ్ణించి బాగా కనపడుతుంది, ఆ దారి కాయడానికే గుట్ట తల చెక్కేసి ఫిరంగులు పెట్టారు. మొదట్లో మూతిలోంచి గుండు కూరేవి, తర్వాత వెనకనుంచి లోడ్ చేసేవి, రెండో ప్రపంచ యుద్ధం నాటికి 6 అంగుళాల గన్నులు. వాటి గుండు ఒక్కోటి 45 కేజీలట! కింద సొరంగాల్లో తిరుగుతుంటే అవన్నీ మోసుకుంటూ ఆ ఉక్కలో ఎలా పనిచేశార్రా బాబూ అనిపించింది.

ఇదంతా చూడ్డానికి మాకిచ్చిన టైమ్ గంట కూడా లేదు. పైగా మా కుర్రాడు "గన్నులన్నీ సముద్రం వైపే బిగించేశారు పిన్ని గారూ, జపానోళ్ళు వెనకనుంచి వచ్చేశారు" అని చెప్తే అందరూ తెగ నవ్వారు. అక్కడ చాలామంది చెప్పే కథే ఇది, కానీ నిజం కాదండీ. ఈ సిలోసో గన్నుల్నే 1942 ఫిబ్రవరిలో నేల వైపు తిప్పి జపాన్ సైన్యం మీద కాల్చారు. సింగపూర్ తూర్పు చివర చాంగీ వైపు జొహోర్ బ్యాటరీ అనే ఫిరంగుల స్థావరంలో 15 అంగుళాల గన్నులు మూడుండేవి, వాటిలో రెండు నేల వైపు కూడా తిరిగాయి. తేడా కొట్టింది గుండ్ల దగ్గర, యుద్ధనౌకల ఉక్కు చీల్చడానికి చేసిన గుండ్లే ఎక్కువ ఉన్నాయి, అవి మట్టిలో పడితే లోతుగా దిగబడి పేలుతాయి, చుట్టూ ఉన్న సైనికులకి పెద్దగా దెబ్బ తగలదు. మనుషుల మీద పనిచేసే రకం చాలా తక్కువ. ఆకాశమంతా జపాన్ విమానాలే, మలయాలో (ఇప్పటి మలేషియా వైపు) బ్రిటిష్ వాళ్ళకి ఒక్క ట్యాంకు లేదు, అలాంటప్పుడు గన్నులు ఎటు తిరిగితే ఏం లాభం?

కోటలోనే ఒకచోట లొంగిపోయిన బ్రిటిష్ జనరల్ పెర్సివల్, జపాన్ జనరల్ యమషితాల మైనపు బొమ్మలతో లొంగుబాటు సీన్ పెట్టారు, 1942 ఫిబ్రవరి 15. మనవాళ్ళు సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోయారు. నాకైతే అక్కడే మన కాకినాడ గుర్తొచ్చింది, ఎందుకంటే సింగపూర్ పడిపోయాక బంగాళాఖాతం దారి తెరుచుకుంది, సరిగ్గా యాభై రోజులకి ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ నౌక నుంచి లేచిన విమానాలు వైజాగ్ మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. గోదావరి జిల్లాల గ్రూపుని తీసుకెళ్ళినప్పుడు ఈ ఒక్క ముక్క చెప్తే ఎంత బాగుండేది, ఆ బొమ్మల దగ్గర జనం ఇంకాసేపు ఆగేవారు.

ఇంకోటి. మేం రోజూ భోంచేసే చోటికి దగ్గర్లోనే ఫారర్ పార్క్. సింగపూర్ లొంగిపోయిన రెండు రోజులకి, ఫిబ్రవరి 17న, బ్రిటిష్ సైన్యంలో ఉండి పట్టుబడ్డ భారతీయ సిపాయిల్ని వేలల్లో అక్కడ నిలబెట్టి జపాన్ వాళ్ళకి అప్పగించారు, ఆజాద్ హింద్ ఫౌజ్ మొదలైంది అక్కణ్ణించే. మా బస్సు దాని పక్కనుంచే పోయింది, ఎవరూ నోరు మెదపలేదు. ముస్తఫా సెంటర్‌లో చాక్లెట్లకీ సెంట్లకీ మాత్రం సగం పూట ఇచ్చారు లెండి, మా ఆయన ఫుల్ హ్యాపీ.

5కి 3 స్టార్లు. తిండికీ కుర్రాడికీ ఒక్కోటి, ఫ్లైట్ టైమింగులకి ఒకటి. ఈ టైమ్ సంగతి కుర్రాడికి చెప్తే "ఆయ్, నెక్స్ట్ బ్యాచ్‌కి చూస్తామండి" అన్నాడు. మీరు బుక్ చేసుకుంటే అడ్వాన్స్ కట్టకముందే సిలోసోకి ఎన్ని గంటలిస్తారో అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి, పొద్దున్నే తీసుకెళ్ళమనండి, సాయంత్రమైతే లోపలి గదులు మూసేస్తారు. నీళ్ళ బాటిల్ తప్పనిసరి, పైన ఉక్క మామూలుగా లేదు.